నలభై ఒక్క తలల సరాయి

మా కష్టాలన్నీ విలాయతులో ఒక దూలం దగ్గర మొదలయ్యాయి.

ఆ దూలం అక్కడి ఒక అంగడి ఊరిలో, సంతకొచ్చినవాళ్లు దిగే ఏదో పాత సరాయి గుమ్మం మీద ఉందట. మన రాజధాని నుంచి చూసి రమ్మని పంపిన పెద్దసారు ఒకాయన అందులోకి వంగకుండా పోయాడు. నుదురు బొప్పి కట్టింది. మన దగ్గరైతే ఇంటాయన పరుగున వచ్చి పసుపు పెట్టి, మర్నాడే వడ్రంగిని పిలిచేవాడు. అక్కడి ఇంటాయన మాత్రం నవ్వి, "ఈ దూలం నాలుగు వందల ఏళ్ల నుంచి ఇట్లాగే తగులుతోంది, ఒక రాజుగారికి కూడా తగిలింది" అని గోడకు కొట్టిన పలక చూపించాడట. పెద్దసారుకు నొప్పి పోయి గౌరవం పుట్టింది. తిరిగొచ్చి విమానం దిగిన వారంలోనే ఉత్తర్వు వచ్చింది. మన అంగడి ఊళ్లలోనూ పాత సరాయిలు ఉండి తీరాలి, ఊరికి ఒకటి తప్పనిసరి, ప్రతిదానికీ చరిత్ర ఉండాలి, లేకుంటే ఆర్నెల్లలో వెతికి పట్టుకోవాలి. ఆ పనికి పురాతన సరాయిల పరిరక్షణ సంస్థ అని ఒకటి పెట్టారు.

మాది సరాయి అని మాకే తెలియదు. సింగంపేటలో అందరూ దాన్ని బూదవ్వ ఇల్లు అంటారు, బూదవ్వను నేనే. నాకు ముందు లచ్చవ్వ ఇల్లు అనేవారు, లచ్చవ్వ మా అత్త. మట్టిగోడలు, పెంకుటిల్లు, ముందు పొడవాటి అరుగు, వెనుక పశువులను కట్టేసే పెరడు. శనివారం పశువుల అంగడి. ఎడ్ల దళారులు శుక్రవారమే వచ్చి దిగుతారు, మా దగ్గర తింటారు, అరుగు మీద పడుకుంటారు. శనివారం అన్నాలయ్యాక బేరాలు.

మా ఊరి బేరం ఎట్లా ఉంటుందో చెప్పాలి. అమ్మేవాడూ కొనేవాడూ పక్కపక్కన కూర్చొని, తలలు వెనక్కి గోడకు ఆన్చి, మధ్యలో తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటారు. తల గోడకు ఆని ఉన్నంతసేపూ బేరం నడుస్తున్నట్టే, ఎన్ని తిట్టుకున్నా సరే. ధర కుదరక ముందే తల గోడ నుంచి లేచిందా, బేరం చెడినట్టు. ఇక ఆ ఎద్దు మాట ఎత్తరాదు. ఎవరి చోటు వారిదే, తండ్రి పోతే కొడుకు అక్కడే ఆనుకుంటాడు. అట్లా తరాల నూనె తలలు ఆనీ ఆనీ మా గోడ మీద నల్లటి మరకలు పడ్డాయి. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు వాటికి సున్నం వేయబోతే మా అత్త చెయ్యి పట్టుకుంది. "అవి చెడిపితే రేపు ఎవడి చోటు ఏదో తెల్వక కొట్టుకచస్తరు" అంది.

సంస్థ నుంచి వచ్చిన అధికారి పేరు పరాంకుశం గారు. మంచి మనిషే. తెల్లటి చొక్కా జేబులో నాలుగు పెన్నులు.

"అమ్మా, ఈ కట్టడం ఏ శతాబ్దానికి చెందినదో సెలవిస్తారా?" అన్నాడు.

"గది నాకెట్ల ఎరుక సారూ? మా అత్తకు అత్త కాపురానికొచ్చిన యేడు కట్టిండ్రట. అప్పుడు పెద్ద కరువు. తిననీకి గింజ లేదు గని మట్టి మస్తుగుండె, గోడలు పెట్టుకున్నరు."

ఆయన 'క్షామకాల మృణ్మయ వాస్తుశైలి' అని రాసుకున్నాడు. తర్వాత నాకు విలాయతు సంగతి చెప్పాడు. అక్కడి పబ్బుల సంగతి. పబ్బు అంటే పట్నంలో పిల్లలు చీకట్లో గంతులేసే చోటు అనుకున్నాను నేను.

"కాదమ్మా, ఆంగ్లదేశపు విపణి పట్టణాలలో పబ్బు అంటే చరిత్ర! రైళ్లు రాకముందు గుర్రపు బగ్గీలు ఆ సరాయిల్లో ఆగి గుర్రాలను మార్చుకునేవి. బగ్గీ లోపలికి పోవడానికి ఎత్తైన కమాను. చదువురాని జనం కోసం బోర్డు మీద అక్షరాలకు బదులు ఎర్ర సింహమో, గంటో, నాగలో. సంత రోజున రైతులు అక్కడే తిని, తాగి, బేరాలు కుదుర్చుకునేవారు. మా దగ్గర రాణిగారు పడుకుందంటే మా దగ్గర గజదొంగ పడుకున్నాడని, అన్నిటికంటే మాదే పాతదంటే మాదే పాతదని, ఈనాటికీ వాదులాడుకుంటారు."

"పశువులను కట్టేసుడు, తినుడు, బేరం, కొట్లాట... గంతేనా సారూ? దీనికి అంత దూరం పోవాల్నా? శనివారం మా ఇంటికొస్తే అయిపోతుండె."

"ఇక్కడ మహనీయులెవరైనా బస చేశారా?"

"చేసిండ్రు. ఎడ్ల మల్లయ్య. ఎద్దు నడక చూసి దాని నోట్ల పండ్లెన్నో చెప్పేటోడు."

"నా ఉద్దేశం, రాజులు?"

"రాజులు మా అన్నం ఎందుకు తింటరు సారూ, వాళ్ల ఇంట్ల లేకనా?"

ఆయన పెన్ను మూత పెట్టాడు. సంస్థ జాబితాలో మాకు మూడో శ్రేణి కూడా రాదని ముఖం చెప్పింది. "పోనీ, బస చేసినవారి ఆనవాళ్లు ఏమైనా మిగిలాయా?" అన్నాడు ఆశ చావక. నేను గోడ చూపించాను.

"ఇవేమిటమ్మా?"

"తలకాయలు సారూ."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. ఇది మల్లయ్యది, ఇప్పుడు ఆయన కొడుకు ఎల్లమందది. ఇది కాసిం సాబు తాతది, అదే తండ్రిది, అదే ఇప్పుడు కాసింది. ఈ కిందిది పొట్టి నాంపల్లిది, పీట వేసినా అందేవాడు కాదు. చెబుతూ చెబుతూ నలభై ఒకటి అయ్యాయి. చూస్తే పరాంకుశం గారి కళ్లలో నీళ్లు.

"తల్లీ! విలాయతులో తల తగిలిన దూలం మిగిలింది. ఇక్కడ తలలే మిగిలాయి!"

నేను అప్పుడే నోరు కట్టేసుకోవాల్సింది. కానీ అది నాకు ఎన్నడూ చేతకాలేదు.

పదిహేను రోజుల్లో పట్నం నుంచి టేపులు, కెమెరాలు, కొలతలవాళ్లు వచ్చారు. మరకలకు 'శిరస్తైల ముద్రికలు' అని పేరు పెట్టి, ఒక్కోదాని కింద ఒక్కో అంకె అతికించారు. నూనె గీకి పట్నం పంపితే అడుగున ఆముదం, దాని మీద నువ్వుల నూనె, ఆ పైన కొబ్బరి నూనె అని తేలింది. పరాంకుశం గారు వాటిని ఆముద యుగం, తిల యుగం, నారికేళ యుగం అన్నాడు. నిజానికి మల్లయ్య పెండ్లాం ఆముదం వాసన పడక పుట్టింటికి పోతానంటే ఆయన నువ్వుల నూనెకు, అదీ పడకపోతే కొబ్బరి నూనెకు మారాడు, మిగతావాళ్లు ఆయన్ను చూసి మారారు. యుగాలు అట్లా మారాయి. నేను చెప్పాను గాని, నివేదికలో ఆ వరుస లేదంట.

ఆ తర్వాత గుమ్మం పక్కన పలక పెట్టారు. నేను మూడో తరగతి దాకా చదివాను, కూడబలుక్కుని చదివితే ఇట్లా ఉంది: 'సజీవ వారసత్వ సరాయి. ప్రథమ శ్రేణి. లోపలికి ఎవరూ రాకూడదు.'

మరుసటి గురువారం పొయ్యికి సీలు వేశారు.

"పొగ, ఆవిరి, ముఖ్యంగా తాళింపు, ముద్రికలకు ప్రమాదకరమని నిపుణుల అభిప్రాయం" అన్నాడు పరాంకుశం గారు.

నా కొడుకు పోయిన తర్వాత నన్నూ నా కోడలు రేణుకనూ నిలబెట్టింది ఆ పొయ్యే. ఎనిమిదేళ్ల నుంచి ఆ పిల్ల పొద్దున్నే దాని ముందు కూర్చుంటే మళ్లీ మనిషిలా మాట్లాడేది. పొయ్యి లేకపోతే మా ఇద్దరికీ ఆ ఇంట్లో పనేముంది?

"సారూ, ఆ పలక మీరే తీస్కపోండ్రి, నా పొయ్యి నాకియ్యుండ్రి. సరాయంటే అన్నం పెట్టే ఇల్లు గదా?"

"భావోద్వేగం అర్థం చేసుకోగలను. కానీ సరాయిని రక్షించాలంటే ముందుగా దానిని సరాయిగా వాడడం ఆపాలి. ఇది అంతర్జాతీయ సూత్రం."

శనివారం దళారులు దిగారు. తాడు కట్టిన అరుగు చూసి ఎల్లమంద నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏందవ్వా ఇది? మా అయ్య తల కాడికి నన్ను పోనియ్యరా?"

"నీ తలకు అంకె పద్నాలుగు బిడ్డా. అంకెలున్న తలలు ముట్టుకోవద్దట."

గోడ లేకుండా బేరం ఎట్లా? కరెంటు స్తంభానికి ఆనుదామంటే దానికి ఒక్క తలే ఆనుతుంది, బేరానికి రెండు కావాలి. కాసిం సాబు, ఎల్లమంద బస్టాండుకు పోయి ఆగి ఉన్న బస్సుకు ఆనుకున్నారు. వేళ్ల మీద ధర దగ్గరపడే వేళకు బస్సు బయలుదేరిపోయింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

"బేరం చెడిందా, చెడలేదా?" అని కాసిం కింద పడుకునే అడిగాడు.

"తల నేను లేపలే, బస్సు లేపింది" అన్నాడు ఎల్లమంద.

దాని మీద పెద్దమనుషులు కూర్చొని కూడా తేల్చలేకపోయారు. ఆ వారం ముప్పై జతల ఎడ్లు అమ్ముడుపోకుండా తిరిగి వెళ్లాయి. రెండు నెలలు ఇట్లాగే గడిచింది. రేణుక రోజూ పొద్దున లేచి, సీలు వేసిన పొయ్యి ముందు ఊడ్చి, ముగ్గు వేసి, ఊరికే కూర్చునేది.

అప్పుడు వారసత్వానికి జబ్బు చేసింది. ముద్రికలు వెలిసిపోతున్నాయని కొలతలవాళ్లు పట్టుకున్నారు. తలలు ఆనక గోడ నూనె తాగేసి ఆరిపోతోంది. పట్నంలో పెద్ద సమావేశం జరిగింది. తలలు కావాలని తీర్మానం అయింది. పాత తలలను రానిస్తే సరిపోయేదిగా అని మీరంటారు, నేనూ అదే అన్నాను.

"వారు అనియంత్రిత తలలమ్మా" అన్నాడు పరాంకుశం గారు.

పేపర్లో ప్రకటన పడింది. శిరస్సహాయకులు, గ్రేడు రెండు, నలభై ఒక్క ఖాళీలు. జుట్టు దట్టంగా ఉండాలి. బట్టతల వారు దరఖాస్తు చేయనక్కర లేదు. తల చుట్టుకొలతకు ధ్రువపత్రం జతచేయాలి. పట్నం గుత్తేదారు ఒకాయన వ్యాను నిండా మనుషులను తెచ్చాడు. పొద్దున పది గంటలకు తలకు యుగాన్ని బట్టి నూనె రాసేవారు, సాయంత్రం అయిదు దాకా ఆనుకుని కూర్చోవాలి. ఆముద యుగంలో పడినవాళ్లు పక్క యుగానికి బదిలీ అడిగేవారు.

నెల తిరిగేసరికి మరకలు నల్లబడ్డాయి. పరాంకుశం గారు మిఠాయి పంచాడు. ఆ మిఠాయి తింటుండగానే ముద్రికల నిపుణురాలు డాక్టర్ హైమవతి భూతద్దం దించి తల అడ్డంగా ఊపింది.

"సార్, పాత ముద్రికలు అడ్డంగా, గుడ్డు ఆకారంలో ఉన్నాయి. కొత్తగా పడుతున్నవి గుండ్రం. ఇది చక్రీకరణ. ఇలాగే సాగితే మన వారసత్వం మొత్తం గుండ్రబడిపోతుంది."

ఆయన ముఖం పాలిపోయింది. మర్నాడే ఆజ్ఞ వచ్చింది: ఆనుకున్న తలలు రోజుకు మూడు వందల సార్లు ఎడమకూ కుడికీ కదలాలి. ఈల వేయడానికి ఒకాయనను పెట్టారు. ఒక ఈలకు ఎడమ, రెండో ఈలకు కుడి. దారిన పోయే జనం తాడు అవతల నుంచి చూస్తే నలభై ఒక్కమంది మగవాళ్లు ఒక్కసారిగా వద్దు వద్దని తల ఊపుతున్నారు. సర్కారు ఏమడిగింది, వీళ్లెందుకు వద్దంటున్నారు అని ఊళ్లో పుకారు లేచింది. తహసీల్దారు జీపులో వచ్చి, మీ డిమాండ్లేమిటని అడిగాడు. వాళ్లు తల ఊపారు. అప్పటికి ఇంకా నూట ఎనభై మిగిలి ఉన్నాయి మరి.

ఇంతా చేసి, ఒక్కో మరక రెండుగా చీలింది. ఎడమన ఒకటి, కుడిన ఒకటి, మధ్యలో తెల్లగా. సగం మందికి మెడలు పట్టేశాయి.

డాక్టర్ హైమవతి నా దగ్గరికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఇన్నాళ్లలో నన్ను అడగాలని తోచిన మొదటి మనిషి ఆ పిల్లే.

"అవ్వా, అసలువాళ్ల తలలు ఎట్లా కదిలేవి?"

"బేరంల తల ఊపుడు వేరు బిడ్డా. నోటితోటి వద్దంటనే ఉంటడు, మనసుల కావాలని ఉంటది. అందుకే తల జరంత పోతది, ఆగుతది, ఎదుటోడు వేలు పెంచిండా అని చూసి మెల్లగ ఎనుకకొస్తది. ఈలకు గట్ల రాదు. ఎద్దు కావాలె."

ఆమె నవ్వుతూనే 'అర్ధాంగీకార నిరాకరణ, వృషభ సాన్నిధ్యంలో' అని నివేదిక రాసింది. పరాంకుశం గారు అది మూడుసార్లు చదివి, సాన్నిధ్యానికి ఎన్ని వృషభాలు కావాలో అంచనా వేయమన్నాడు. చివరికి పెరట్లోకి ఎడ్లను రానిచ్చారు. పట్నం తలలకు ఎడ్ల బేరం రాదు. ఒకాయన ఎద్దుకు ఎన్ని లీటర్లు అని అడిగాడు. దాంతో మా దళారులనే శిరస్సహాయకులుగా తీసుకోక తప్పలేదు. కాసిం సాబు మెడలో ఫొటో కార్డు వేసుకుని, తన తాత తలకు తన తల ఆన్చి, కళ్లు మూసుకున్నాడు.

"అల్లా! ఎన్నాళ్లకు! అవ్వా, మా తాతకు నౌకరీ లేకుండె, నాకొచ్చింది!"

మొదటి శనివారం పదకొండు గంటల దాకా బ్రహ్మాండంగా నడిచింది. హైమవతి భూతద్దం పెట్టి, "గుడ్డు! గుడ్డు వస్తోంది!" అని అరిచింది. పన్నెండు కొట్టేసరికి ఒక తల లేచింది. తర్వాత మూడు. ఒంటిగంటకు గోడ ఖాళీ. అరుగు మీద తువ్వాలలు విసురుకుంటూ కొట్లాట.

"సామూహిక శిరోవియోగం! కారణమేమిటి?" అన్నాడు పరాంకుశం గారు.

"ఆకలి సారూ. కడుపు మాడినోడు బేరం చేయడు, కొట్లాడతడు."

సంస్థ ఆకలిని గుర్తించింది. పై వారం ఆ గుత్తేదారే పట్నం నుంచి అట్టపెట్టెల్లో తిండి తెచ్చాడు. రెండు రొట్టె ముక్కలు, మధ్యలో దోసకాయ. ఎల్లమంద పై ముక్క ఎత్తి చూసి, మళ్లీ మూశాడు.

"ఇగో, కాసిం భాయ్, దీంట్ల ఎవరో ఏదో పెట్టుడు మర్చిపోయిండ్రు."

"చుప్‌గా తిను. ప్రథమ శ్రేణి ఖానా అది."

అది తిన్నవాడికి గోడ అవసరమే పడలేదు. అందరూ నిటారుగా కూర్చున్నారు. జొన్నరొట్టె, పప్పు, మీద ఇంత అన్నం, చింతపండు చారు పడితే ఒళ్లు తానే గోడను వెతుక్కుంటుంది. తలకు బరువొస్తుంది, మనసుకు మెత్తదనం వస్తుంది, వేలు ఇంకోటి పెంచబుద్ధవుతుంది. ఇదంతా చెబితే ఆయన కొట్టిపారేస్తాడనుకున్నాను. కానీ అప్పటికి పట్నం నుంచి ఇంకో పరీక్ష కాగితం వచ్చింది. ముద్రికల్లో సగమే నూనె, మిగతా సగం తాళింపు పొగ అని.

పరాంకుశం గారు ఆ కాగితం మడిచి పెన్నుల జేబులో పెట్టాడు. పాపం, ఆయన ఉద్యోగం ఆయనది.

"పాకక్రియ వారసత్వంలో అంతర్భాగమని తేలినందున, పాకశాల సహాయకురాలు అనే తాత్కాలిక పదవి మంజూరైంది. దరఖాస్తులు నేడే ఆఖరు. నేడు రాకపోతే గుత్తేదారుకు పోతుంది."

అది శనివారం పొద్దున. రేణుక నా కొంగు పట్టుకుంది. "అత్తమ్మా, ఆ పెట్టెలాయనే వస్తడట. మన పొయ్యి కాడ ఆయన కూసుంటడు. జల్ది రాయి."

అరుగు మీద మేజాబల్ల వేశారు. దరఖాస్తు పెట్టాను. ఆయన ఒక్కొక్క గడీ మీద పెన్ను పెట్టుకుంటూ పోయాడు. వయసు కనీసం ఇరవై ఒకటి ఉండాలి, ఉంది. ఎక్కువలో ఎక్కువ ఎంతో రాయడం పట్నంవాళ్లు మరిచారు. సంతకం వచ్చు. అనుభవం దగ్గర పెన్ను ఆగింది.

"ఇదే తరహా సంస్థలో పదేళ్ల అనుభవం ఉన్నట్టు దాని యజమాని ఇచ్చిన ధ్రువపత్రం జతచేయలేదు."

"ఇసువంటి ఇల్లు ఊళ్లె ఇదొక్కటే సారూ. యజమానిని నేనే."

"సంతోషం. అయితే ఆవిడ నుంచే తీసుకురండి."

"ఆవిడ అంటే నేనే గదా!"

"అమ్మా, దరఖాస్తుదారు వేరు, యజమాని వేరు. వారిద్దరి మధ్య ఏ ఏర్పాటు ఉందో సంస్థకు అనవసరం. ధ్రువపత్రం లేనిదే సీలు తీయలేను." కళ్లజోడు తీసి మెల్లగా అన్నాడు, "ఆవిడ దూరంలో ఉండరనుకుంటాను. ఒంటిగంట దాకా వేచి చూస్తాను."

అరుగు మీద నలభై ఒక్కమంది ఆకలితో చూస్తున్నారు. రేణుక కాగితం తెచ్చింది. నేను తలుపు చాటుకు పోయి, మోకాలి మీద పెట్టుకుని రాశాను. ఒత్తులు నాకు అన్నీ రావు, కొన్ని రేణుక పెట్టింది. చెమటలు పట్టాయి. వేరేవాళ్లకు మంచి మాట రాయడం తేలిక. బయటికొచ్చి, కాగితం రెండు చేతులతో ఇచ్చాను.

ఆయన లేచి నిలబడి, అందరికీ వినబడేట్టు చదివాడు.

"'ఈ బూదవ్వను నేను పుట్టినప్పటి సంది ఎరుగుదును. యాభై రెండేండ్లు నా ఇంట్లనే వండింది. ఎవ్వరినీ ఆకలితో పంపలేదు. ఒక్కసారి, కొడుకు పోయిన వారం, పప్పుల ఉప్పు వేయడం మరిచింది. ఎవ్వరూ ఏమనకుండ తిన్నరు. నడవడి మంచిది. నోరు ఎక్కువ. ఈమె కోడలు ఈమె కంటే బాగ వండుతది, ఆమెను గూడ తీసుకోవాలె.'"

ఆయన చివరి వరుసలు మళ్లీ చూసుకుని, నా వైపు చూశాడు.

"యజమాని ఇందులో 'నోరు ఎక్కువ' అని ప్రతికూల వ్యాఖ్య చేశారు. దీనిపై దరఖాస్తుదారు వివరణ ఏమిటి?"

"నిజమే రాసింది సారూ. ఆమెతోటి యాభై రెండేండ్ల సంది నేనే పడుతున్న."

ఆయన ముద్ర కొట్టాడు. రేణుక పొయ్యి మీది సీలు పీకి, ఆ సీలు కాగితంతోనే నిప్పు అంటించింది.